పైపూతకు మాత్రమే

నెల రోజుల్లో మూడు ట్యూబులు పట్టుకెళ్ళింది సలోమి.
గజ్జికి రాసిచ్చే మందే. చీటీ అడగలేదు నేను.
"నల్లులకండీ. ఒంటికి పూసుకుంటే చస్తాయంటగా" అంది.
"ఏమో, చస్తాయేమో" అన్నాను
చిల్లర లెక్కపెడుతూ.
ఆ 'ఏమో' ఖరీదు
ట్యూబుకి ఎనభై రెండు రూపాయలు.

యార్డు పక్క షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది ఆమె.
ఆమె డబ్బులందుకుంటే నాకు తుమ్మొస్తుంది.
నోటు మడతలోంచి ఒక గింజ
కౌంటరు అద్దం మీద పడి దొర్లుతుంది.
ఇంత ఘాటు చేతుల్ని కుట్టే ధైర్యం
ఏ పురుక్కుంటుందమ్మా అని నవ్వానొకసారి.
నవ్వలేదు. మోచేయి చూపించింది.
వరసగా మూడు దద్దుర్లు,
సిటీ బస్సు ఆగిన చోటల్లా ఒకటి.

నాలుగోసారి ట్యూబు అడగలేదు.
పిల్లాణ్ణి కౌంటరు మీద కూచోబెట్టింది.
పదకొండు నెలలవాడు.
మెడ మడతల్లో తోలు పొక్కి ఎర్రగా, తడిగా.
నల్లి కాటు కాదది.
రోజూ రాత్రి తల నుంచి కాళ్ళ దాకా రాసిందట.
"మేమంటే ఓర్చుకుంటాం, వీడికి మాటలు కూడా రావు గదండీ."
సబ్బుతో కడిగి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాను.
వాళ్ళు వెళ్ళాక పెట్టె తిప్పి చదివాను,
నాలుగేళ్ళుగా అమ్ముతున్న పెట్టె, మొదటిసారి.
'పైపూతకు మాత్రమే' అని ఉంది.
నల్లి అన్న మాటే లేదు.

ఆదివారం షట్టరు దించి నల్లచెరువు వెళ్ళాను.
"పేరులోనే ఉంది గదండీ" అన్నాడు ఆమె మొగుడు యేసోబు.
ఆ జోకు చాలామందికి చెప్పి ఉంటాడు.
నవారు మంచం బయటికి లాగి
కోడు నేలకేసి కొట్టాడు.
రాలాయి.
నడిచే గోధుమ నూక.
కోటి బెజ్జంలో, నవారు మడతలో,
చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు వెనక,
మేకు పక్కన లేచిన సున్నం పెచ్చు కింద.
గుడ్లు, పొట్టు, సిరా చుక్కల్లాంటి మరకలు.
మనిషి ఒంటి మీద మాత్రం
ఒక్కటంటే ఒక్కటి లేదు.

మన ఒళ్ళు వాటికి ఇల్లు కాదు.
మెస్సు.
పది నిమిషాలు తిని
చెయ్యి కడుక్కోకుండా వెళ్ళిపోతాయి.
మెస్సు బల్లకి విషం పూసి
అద్దెగదుల్లో ఉన్నవాళ్ళు చచ్చారో లేదో
తెల్లారి వెతుక్కుంటున్నాం.
ఒకటో రెండో తూలి పడుండొచ్చు.
మిగతావి పక్క ఒంటికి పోతాయి, లేదా
ఆకలికి ఓర్చుకుంటాయి, మనకన్నా బాగా.
విత్తనాల కొట్టు శేషగిరి పత్తి పురుగు గురించి అనేమాటే ఇదీ:
"మొదటేడు మందు, మూడో ఏడు టానిక్కు."

ఇక ఆ రోజంతా నీళ్ళు కాగాయి.
కోళ్ళ బెజ్జాల్లో సలసలా పోశాం,
బట్టలు డేగిశాలో ఉడికించాం,
దుప్పట్లు నల్ల సంచుల్లో కట్టి
రేకుల కప్పు మీదికి విసిరాం.
గుంటూరు ఎండని తిట్టకుండా గడిపిన రోజు
నా జన్మలో అదొక్కటే.
గోడ పగుళ్ళకి యేసోబు సిమెంటు మెత్తాడు.
కానీ ఆ గోడకి రెండో వైపు ఫాతిమున్నీసా వాళ్ళ మంచం,
దాని అవతల ఇంకో నాలుగు గదులు.
తలుపు కొట్టి అడిగితే
"మా ఇంట్లోనా? ఛీ" అన్నారు
గోక్కుంటూనే.
నల్లులున్నాయని ఒప్పుకోవడం
అప్పులున్నాయని ఒప్పుకోవడం కన్నా కష్టం.
సలోమి గడప మీద నిలబడి
తన చేతులు చాపింది, వెలుతుర్లోకి, ఏమీ అనకుండా.
ఫాతిమున్నీసా కాసేపు చూసి
లోపలికెళ్ళి పరుపు ఈడ్చుకొచ్చింది.

మూడో ట్యూబు సీలు కూడా తియ్యలేదు, వెనక్కిచ్చింది.
డబ్బులు నా జేబులోంచి ఇచ్చాను.
ఓనరుకి తెలీదు.

ఇప్పుడు షాపు ముందు నుంచి వెళ్తుంటే అడుగుతాను,
పోయాయా అని.
"తగ్గాయండీ" అంటుంది.
'పోయాయి' అన్న మాట
ఆ లైనులో ఎవరూ వాడరు.